ఎర్ర డబ్బా చూసి 2,200 కట్టాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది విడవలూరు మండలం. మా ఆయన రొయ్యల సాగు చేస్తారు. సీడ్ ఎంతకు తెచ్చాం, మేత ఎన్ని బస్తాలు పడింది, కరెంటు బిల్లు ఎంత, పట్టుబడి రోజు ఏ కౌంట్ ఎంత పలికింది, ఇవన్నీ ఇంట్లో కంప్యూటర్లో ఎక్సెల్‌లో నేనే రాస్తాను. ఆరేళ్ల కింద నెల్లూరులో ఒక షాపులో అసెంబుల్ చేయించాం. అప్పుడు వాళ్లే ఏడాది యాంటీవైరస్ వేసిచ్చారు. అది అయిపోయి చాన్నాళ్లయింది. ఇప్పుడు రోజూ కుడివైపు కింద మూలన ఎర్ర డబ్బా ఒకటి వచ్చి మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉందని చెప్తోంది. షాపులో అడిగితే మూడేళ్లకు 2,200 అన్నారు. మా మరిది కొడుకు బీటెక్ చదువుతున్నాడు. ‘డబ్బులెందుకు పెద్దమ్మా, ఫ్రీది వేస్తా’ అంటాడు. ఈయనేమో ‘ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగేటట్టున్నారే’ అని ఎగతాళి. ఇంకో సంగతి. మా అబ్బాయి ఇంటర్. గేములు ఎక్కించుకునేటప్పుడు అడ్డమొస్తోందని యాంటీవైరస్‌ని ఆపేసేవాడు. నెట్ బ్యాంకింగ్ కూడా ఇందులోనే చేస్తాం. ఏది వేయించమంటారు? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, విడవలూరు

సమాధానం: అమ్మా, ముందు టెన్షన్ తగ్గే మాట చెప్తాను. 2,200 కట్టొద్దు. మీ మరిది కొడుకు చెప్పే ఫ్రీది కూడా ఇప్పుడే వేయించొద్దు. మీ కంప్యూటర్లో యాంటీవైరస్ ఇప్పటికే ఒకటి ఉంది. విండోస్‌తో పాటే వస్తుంది, పేరు డిఫెండర్. బయటిది ఏదైనా ఎక్కించగానే అది మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. మీ పాతది గడువు తీరాక కూడా కుర్చీ దిగకుండా కూర్చున్నట్టుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ ఒకసారి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనంతట తనే పనిలోకి వస్తుంది. వచ్చిందో లేదో చూడాలంటే స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని కొట్టండి. ఆకుపచ్చ టిక్కులు కనపడాలి.

డబ్బు సంగతి అంతే. మీ ఉత్తరంలో నేను రెండోసారి చదివింది మాత్రం చివర్లో ‘ఇంకో సంగతి’ అంటూ మీరు మామూలుగా రాసేసిన ముక్క. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ ఎర్ర డబ్బా.

అలాంటి డబ్బాలు రెండు రకాలు. ఒకటి గడువు తీరిన యాంటీవైరస్ వేసేది. మీద కంపెనీ పేరుంటుంది, రెన్యూ అనే బటనుంటుంది. అది బెదిరింపులాంటి అమ్మకం, వైరస్ ఏమీ కాదు. పాతదాన్ని తీసేస్తే అదీ పోతుంది. రెండోది బ్రౌజర్ నుంచి వచ్చేది. వేదాయపాళెం నుంచి ఒక పెద్దాయన సీపీయూని తువ్వాల్లో చుట్టి ఆటోలో మా సర్వీస్ సెంటర్‌కు తెచ్చారు. “అయిదు వైరస్‌లు దూరాయంట బాబూ, రోజూ చెప్తావుంది” అన్నారు. ఆన్ చేసి నెట్ పెట్టాను. పది నిమిషాలకు మూలన డబ్బా లేచింది. ఎర్ర గుర్తు, పెద్ద అక్షరాలు, ఒక ప్రసిద్ధ యాంటీవైరస్ బొమ్మ. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో వెబ్‌సైటు పేరు. క్రికెట్ ఫ్రీగా చూపించే సైటు అది. ఎప్పుడో మ్యాచ్ రోజున ‘అలౌ’ నొక్కితేనే ఆట కనపడుతుందని అడిగితే ఈయన నొక్కేశారు. అప్పటినుంచీ ఆ సైటుకు ఈయన స్క్రీన్ మీద ఏది కావాలంటే అది అంటించే హక్కు వచ్చేసింది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అక్కడున్న ఆ పేరును తీసేశాను. అర నిమిషం పని. డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు, ఆటో ఖర్చు ఎటూ దండగే అయింది పాపం.

మీదీ అదేనేమో చూసుకోండి. ఇంకో గుర్తు చెప్తాను. ఏ డబ్బాలో అయినా ‘ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఉంటే అది మోసం. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ పెట్టదు. చేశారా, అవతలివాడు ఎనీడెస్క్ లాంటిది, అంటే దూరంగా కూర్చుని మన కంప్యూటర్‌ని నడిపించేది, ఎక్కించమంటాడు. అక్కణ్ణుంచి మీ నెట్ బ్యాంకింగ్ వాడి కళ్లముందు ఉంటుంది. ఆ పనికి ఏ యాంటీవైరసూ అడ్డం పడదు, ఎందుకంటే తలుపు తీసింది మీరే. పొరపాటున అలాంటిది జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత.

ఇప్పుడు ఫ్రీ, పెయిడ్ గొడవ. మీ ఆయన ఎగతాళిలో కొంత న్యాయం ఉంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

యాంటీవైరస్‌లో అసలు పని చేసే భాగాన్ని ఇంజిన్ అంటారు. ఫైలు రాగానే అది తెలిసిన దొంగల వేలిముద్రలతో పోల్చి చూస్తుంది. సరిపోకపోతే ఆ ఫైలు నడక చూస్తుంది. వచ్చీ రాగానే వందల ఫైళ్లు తెరిచి తిరగరాస్తోందా, విండోస్ లోపలి భాగాల్లో వేలు పెడుతోందా అని. ఇంకా అనుమానముంటే నెట్‌లో కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది. ఒకే కంపెనీ ఫ్రీగా ఒకటి, డబ్బుకు ఒకటి ఇస్తుంటే సాధారణంగా రెండింట్లోనూ ఇంజిన్ ఒకటే. డబ్బు తీసుకునేది దాని చుట్టూ తగిలించిన సరంజామాకు. నెట్‌లో మన రాకపోకలు బయటికి కనపడకుండా దాచే వీపీఎన్, పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్, పిల్లలు ఏ సైట్లు చూస్తున్నారో కనిపెట్టేది, బ్యాంకు పనికి విడిగా ఒక బ్రౌజర్, ఫోన్ చేస్తే పలికే మనిషి. వీటిలో మీకు అక్కరకొచ్చేది ఏమైనా ఉంటే కొనడంలో తప్పులేదు. ‘డబ్బు కడితే వైరస్ రాదు’ అనుకుని మాత్రం కొనకండి.

నేను పని నేర్చుకున్న రోజుల్లో సలహా ఇలా ఉండేది కాదు. విండోస్ ఎక్స్‌పీ కాలం. విండోస్‌లో కాపలా అనేదే లేదు. కాలేజీ పిల్లలు నెట్ సెంటర్ నుంచి పెన్ డ్రైవ్‌లో రికార్డు ప్రింటవుట్లు తెచ్చుకుంటే, దాంతోపాటు ‘న్యూ ఫోల్డర్ డాట్ ఈఎక్స్ఈ’ అనే మహమ్మారి కూడా వచ్చేది. చూడ్డానికి పసుప్పచ్చ ఫోల్డరే. డబుల్ క్లిక్ చేశారో, ఇంటి కంప్యూటర్‌కీ అంటుకునేది. పొద్దున బండెక్కి చెన్నై వెళ్లి, రిచ్చీ స్ట్రీట్‌లో ర్యాములతో పాటు యాంటీవైరస్ డబ్బాలు కొనుక్కొని రాత్రికి నెల్లూరు చేరేవాళ్లం. పూణే వాళ్ల క్విక్ హీల్, చెన్నై వాళ్ల కే7, ఏది దొరికితే అది. డబ్బు పెట్టి కొనకపోతే నిజంగానే కంప్యూటర్ బతికేది కాదు. షాపు వాళ్ల నోట్లో ఆ మాట ఇంకా అలాగే ఉండిపోయింది.

మైక్రోసాఫ్ట్ 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని ఉచితంగా ఒకటి ఇచ్చింది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి డిఫెండర్ పేరుతో దాన్ని విండోస్‌లోనే కలిపేసింది. మొదట్లో నాకూ దాని మీద నమ్మకం లేదు, పరీక్షల్లో అట్టడుగున ఉండేది. జర్మనీలో మాగ్డెబర్గ్ అనే ఊళ్లో ఏవీ-టెస్ట్ అనే ల్యాబ్ ఉంది. కొత్త వైరస్‌లు వదిలి ఎవరు ఎన్ని పట్టారో, కంప్యూటర్‌ని ఎంత మందగింపజేశారో, మంచి ఫైళ్లను ఎన్నిసార్లు దొంగలనుకున్నారో చూసి 18కి మార్కులేస్తుంది. కొన్నేళ్లుగా అక్కడ డిఫెండర్‌కు డబ్బు పెట్టి కొనేవాటి సరసనే మార్కులు వస్తున్నాయి, 18కి 18 వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆస్ట్రియాలో ఏవీ-కంపారటివ్స్ అని ఇంకో ల్యాబ్ ఉంది, వాళ్ల లెక్కల్లో దీనికి ఒక బలహీనత కనపడుతుంది: నెట్ లేనప్పుడు కొంచెం మందం. గుంటల దగ్గర షెడ్డులో నెట్ లేకుండా వాడే కంప్యూటరైతే నా సలహా వేరేగా ఉండేది. మీది ఇంట్లో, నెట్ బ్యాంకింగ్ చేసే కంప్యూటర్ కాబట్టి ఆ బాధ లేదు.

మరి బయటి ఫ్రీవి ఎందుకు వద్దంటున్నానంటే, ఇక్కడే ఫినాయిల్ మాట వర్తిస్తుంది. డిఫెండర్ ఖర్చు విండోస్ ధరలోనే కలిసిపోయింది. బయటి కంపెనీకి మీ దగ్గర డబ్బు రావాలి కదా, ఎలా వస్తుంది? ఎక్కువమంది రోజుకు రెండుసార్లు ‘పెయిడ్‌కు మారండి’ అని గోల చేస్తారు. అది భరించొచ్చు. అవాస్ట్ అంతకంటే ముందుకు పోయింది. తన ఉచిత యాంటీవైరస్ వాడేవాళ్లు ఏ సైట్లు చూస్తున్నారో పోగుచేసి, జంప్‌షాట్ అనే తన అనుబంధ కంపెనీ ద్వారా అమ్మింది. బయటపడ్డాక 2020లో జంప్‌షాట్‌ని మూసేసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ వ్యవహారానికి కోటీ 65 లక్షల డాలర్లు కట్టించి, ఇకమీద అలా ప్రకటనల కోసం అమ్మొద్దని ఆంక్ష పెట్టింది. ఇంటికి కాపలా పెట్టుకున్నవాడే మనింటికి ఎవరొస్తున్నారో, మనం ఎక్కడికి పోతున్నామో రాసుకుని వీధి చివర అమ్ముకున్నట్టు.

ఇంకో ముచ్చట చెప్తే షాపు వాళ్లు నా మీద కోప్పడతారు. అవాస్ట్, ఏవీజీ, అవీరా, నార్టన్, ఈ నాలుగూ ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీవి. ఏవీజీని అవాస్ట్ 2016లో కొన్నది. నార్టన్ వాళ్లు ముందు అవీరాను కొని, 2022లో అవాస్ట్‌ను కలుపుకున్నారు. ‘అది బాగాలేదమ్మా, ఇది తీసుకోండి’ అని ఒకదాని బదులు ఇంకొకటి చేతిలో పెడితే మీరు మారింది డబ్బా రంగు మాత్రమే కావచ్చు.

ఇక మీ అబ్బాయి.

మీ ఇంట్లో వైరస్ అంటే ఏమిటో నాకంటే మీ ఆయనకే ఎక్కువ తెలుసు. 1994, 95 ప్రాంతంలో మన తీరంలో వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి టైగర్ రొయ్యల గుంటలు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో ఆయనో, ఆయన నాన్నో చూసే ఉంటారు. టైగర్ బదులు వనామీ రకం రొయ్య వచ్చాక కూడా ఆ భయం పోలేదు. వైట్ స్పాట్ తగిలాక మందు లేదు. కట్ట మీదికి వచ్చి ‘ఈ సీసా పోస్తే తగ్గుతుంది’ అనేవాళ్లకు కొదవ ఉండదు, అది వేరే విషయం. అందుకే పీసీఆర్ టెస్టు చేసిన సీడ్ తెస్తారు. నీళ్లు వల గుడ్డలో వడకట్టి, బ్లీచింగ్ కొట్టి గాని పిల్ల వదలరు. పీతలు రాకుండా చుట్టూ వల కడతారు, పక్షులు వాలకుండా పైన తాళ్లు లాగుతారు. పక్క గుంటలో వాడిన వలను కడక్కుండా మన గుంటలో దించనివ్వరు. ఇంత చేసి, ఒకరోజు రాత్రి మీ అబ్బాయి స్నేహితుడికి సరదాగా ఉంటుందని తూముకు కట్టిన వడపోత గుడ్డ పది నిమిషాలు పీకేస్తే మీ ఆయన ఊరుకుంటారా? గేమ్ కోసం యాంటీవైరస్ ఆపడం అచ్చం అదే.

వాడు కొనుక్కున్న గేమ్ అయితే సాధారణంగా యాంటీవైరస్ అడ్డం రాదు. అడ్డమొస్తోందంటే అది బహుశా క్రాక్ చేసింది, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం పగలగొట్టిన దొంగ కాపీ. అలాంటి ఫైలుతో పాటు తరచూ ఒక చిన్న టెక్స్ట్ ఫైలుంటుంది. ‘ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపండి, అది ఊరికే అరుస్తుంది’ అని. ఒక్కోసారి నిజంగా ఊరికే అరుస్తుంది కూడా. ఏది ఉత్తిదో ఏది నిజమో పదిహేడేళ్ల పిల్లాడికే కాదు, నాకూ తెలియదు.

కోవూరు వైపు ఒక రైస్ మిల్లు కంప్యూటర్ నా బల్ల మీదికి వచ్చింది. డబ్బు కట్టిన యాంటీవైరస్ ఉంది, గడువు ఇంకా ఏడాదిన్నర ఉంది. మిల్లు యజమాని మేనల్లుడు ఎవరి పెళ్లికార్డుకో డిజైన్ చేయాలని ఒక ఫోటో సాఫ్ట్‌వేర్ క్రాక్ తెచ్చాడు. యాంటీవైరస్‌ని పది నిమిషాలు ఆపాడు. సాఫ్ట్‌వేర్ పనిచేయలేదు, మళ్లీ ఆన్ చేసి వెళ్లిపోయాడు. సాయంత్రం గుమాస్తా బిల్లు తీద్దామని కూర్చుంటే ఫైళ్ల బొమ్మలన్నీ తెల్లబడి ఉన్నాయి. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంలేని నాలుగక్షరాల తోక. ప్రతి ఫోల్డర్‌లోనూ ‘రీడ్‌మీ’ అని ఒక కాగితం. మీ ఫైళ్లకు తాళం వేశాం, తాళంచెవి 980 డాలర్లు, 72 గంటల్లోపు కడితే సగమే, 490. డిస్కౌంట్ కూడా! రాన్సమ్‌వేర్ అంటే ఇదే. ఈ రకం ముఠాకు క్రాక్ సాఫ్ట్‌వేరే ప్రధాన దారి.

పాత రకాల తాళాలు కొన్నింటికి ఎమ్సిసాఫ్ట్ అనే కంపెనీ 2019లో ఉచితంగా తాళంచెవులు ఇచ్చింది. యూరప్ పోలీసులు కలిసి నడిపే నో మోర్ రాన్సమ్ సైటులోనూ చాలా దొరుకుతాయి. రెండూ చూశాను. దీనికి పడలేదు. బ్యాకప్ ఉందా అని అడిగితే ఉందన్నారు, నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే ఆ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పగలూ రాత్రీ కంప్యూటర్‌కు తగిలించే ఉందట. దానిలోని ఫైళ్లకూ అదే తోక. గోనెసంచిలో దాచిన పాత బిల్లు పుస్తకాలు బయటికి తీసి, ఇద్దరు కుర్రాళ్లు నెలల తరబడి మళ్లీ కొట్టుకున్నారు. ఆ మిల్లుకు యాంటీవైరస్ లోటు లేదని గుర్తుపెట్టుకోండి.

కాబట్టి అబ్బాయికి వేరే లాగిన్ పెట్టండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్తే కొత్త యూజర్‌ని చేర్చొచ్చు. దాన్ని స్టాండర్డ్ అనే రకంగానే ఉంచండి, అడ్మినిస్ట్రేటర్ చేయొద్దు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మీ దగ్గరే, వాడికి చెప్పొద్దు. అప్పుడు వాడు యాంటీవైరస్ ఆపాలన్నా, కొత్తవి చాలావరకు ఎక్కించాలన్నా కంప్యూటర్ మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. తిట్టే పని లేదు. గేములు కావాలంటే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో ఉచితంగా ఆడేవి బోలెడున్నాయి, పండగలప్పుడు కొనేవి కూడా చవగ్గా వస్తాయి. ఆ 2,200లోంచి వాడికి ఒకటి కొనిచ్చినా నాకు అభ్యంతరం లేదు.

క్రాక్ అన్నాను కాబట్టి ఇంకోటి అడగాలి, ఏమనుకోకండి. అసెంబుల్ చేయించినప్పుడు బిల్లులో విండోస్‌కు విడిగా ధర వేశారా? లేకపోతే సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో యాక్టివేషన్ చూడండి. ‘మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఉంటే, మీ ఇల్లు ఏ కంపెనీ ఆఫీసూ కాదు కాబట్టి, అది దొంగ యాక్టివేటర్‌తో వేసిందని అనుకోవచ్చు. తప్పు మీది కాదు, కానీ ప్రమాదం మీదే. ఎక్సెల్ కూడా అలాంటిదే అయితే లిబ్రె ఆఫీస్ అని నిజంగా ఉచితమైనది ఉంది, మీ ఎక్సెల్ ఫైళ్లు అందులో తెరుచుకుంటాయి. మేత లెక్కలకు అది ధారాళంగా సరిపోతుంది. ఇలాంటి ఫ్రీకి నేను అడ్డం చెప్పను.

ఆరేళ్ల కిందటి కంప్యూటర్ అంటున్నారు, అంటే బహుశా విండోస్ 10. యాంటీవైరస్ కంటే ఇది పెద్ద విషయం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. డిఫెండర్‌కు వైరస్ వేలిముద్రలు 2028 అక్టోబర్ వరకూ పంపుతామన్నారు గాని, అది కాపలావాడికి జీతం ఇస్తూ గోడ కన్నాలు పూడ్చకపోవడం లాంటిది. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది గుర్తుందా, మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, తర్వాత చూద్దాంలే అన్నవాళ్లు దొరికిపోయారు.

అందుకని ముందు విండోస్ 11కి మారే అర్హత ఉందేమో చూడండి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. అసెంబుల్ చేసిన వాటిలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల్లో, ఆఫ్‌లో ఉండటం చాలాసార్లు చూశాను. కంప్యూటర్ పనికిరాదని షాపులో అనేస్తే ‘బయోస్‌లో టీపీఎం ఆన్ చేసి చూశారా’ అని ఒక్క మాట అడగండి. మారే వీల్లేకపోతే 2026 అక్టోబర్ 13 వరకూ అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే దానికి డబ్బు కట్టక్కర్లేదు.

లెక్కల కాపీలు: మీ ఎక్సెల్ ఫైళ్లన్నీ కలిపినా కొన్ని ఎంబీలు మించవు. రెండు పెన్ డ్రైవ్‌లు కొనండి. ఒకటి ఇంట్లో బీరువాలో, ఒకటి మీ పుట్టింట్లోనో మరిది గారింట్లోనో. ప్రతి ఆదివారం కాపీ చేసి వెంటనే పీకేయండి. పీకేయడం మర్చిపోతే మిల్లు కథే. పైగా గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం, అక్కడొక కాపీ. విండోస్ సెక్యూరిటీలోనే వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరిచి కిందికి పోతే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని ఉంటుంది. అందులో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి. తెలియని ప్రోగ్రామ్ ఏదైనా మీ డాక్యుమెంట్లలో చెయ్యి పెట్టబోతే ఆపేస్తుంది. అప్పుడప్పుడూ మంచి ప్రోగ్రామ్‌నీ ఆపి విసిగిస్తుంది, దాన్ని అనుమతించే చోటు కూడా అక్కడే ఉంటుంది.

అసలు పెయిడ్ ఎప్పుడూ వద్దా అంటే, అలా అనను. ఇంట్లో నాలుగైదు కంప్యూటర్లు, ఫోన్లు ఉండి అన్నింటినీ ఒకచోట నుంచి చూసుకోవాలనుకుంటే కొనండి. కనపడ్డ ప్రతి లింకూ నొక్కే పెద్దవాళ్లుంటే, ఇబ్బంది వస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి కావాలనుకుంటే కొనండి. ఏదో ఒక్కటే ఉండాలి, రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి వేస్తే ఒకదాన్ని ఒకటి అనుమానించుకుంటూ కంప్యూటర్‌ని ఎద్దుబండి చేస్తాయి. ఆన్‌లైన్‌లో కొంటే మొదటి ఏడాది తక్కువ ధర చూపించి రెండో ఏడాది నుంచి గట్టిగా వేసేవాళ్లున్నారు, కాబట్టి ఆటో రెన్యూవల్ ఆపేయండి. కార్డు నుంచి అలా తీసుకునేముందు కనీసం 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ మెసేజ్‌ని చదవకుండా తోసెయ్యకండి. మూడేళ్ల ప్యాకెట్టు షాపు వాళ్లు ఎందుకు చూపిస్తారంటే, కొత్త కంప్యూటర్ అమ్మితే మిగిలేదాని కంటే దానిమీద మాకు హాయిగా మిగులుతుంది. మాకు అని ఎందుకన్నానంటే నా షాపులోనూ ఉన్నాయి, అడిగినవాళ్లకు అమ్ముతాను.

మీ మరిది కొడుకును ఒక ఆదివారం భోజనానికి పిలవండి. పని రెండు మూడు గంటలది. ముందు ఎక్సెల్ ఫైళ్లు రెండు పెన్ డ్రైవ్‌లలోకి ఎక్కించి పీకేయమనండి, దీని తర్వాతే మిగతావి. పాత యాంటీవైరస్ తీసేయడం, రీస్టార్ట్, విండోస్ అప్‌డేట్. తర్వాత డిఫెండర్‌లో ఫుల్ స్కాన్ పెట్టి మీరంతా అన్నం తినండి, దానికి చాలాసేపు పడుతుంది. మీ అబ్బాయి ఎక్కించిన క్రాకులు ఏమైనా ఉంటే అందులో బయటపడతాయి. అలా బయటపడితే నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్లో కాకుండా ఫోన్లోంచి మార్చండి. అబ్బాయి లాగిన్ ఆఖర్న.

ఇవన్నీ చేశాక కూడా ఆ ఎర్ర డబ్బా లేస్తుంటే ఏదీ నొక్కకుండా ఫోన్‌తో ఒక ఫోటో తీసి పంపండి. కింద చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదవడానికి వీలుగా, దగ్గర్నుంచి.